అక్షరం కంటే ముందు మాట

కథలకు, కవితలకు విమర్శకులున్నారు. పిల్లల చేతికిచ్చే మొదటి పుస్తకానికి లేరు. చదువు మీద ఇష్టమో భయమో మొదలయ్యేది మాత్రం ఆ పుస్తకం దగ్గరే.

బజారులో దొరికే అక్షరమాల తెరవండి. అ అంటే అమ్మ, ఇ అంటే ఇల్లు, ఋ అంటే ఋషి. తెలుగు ఇంటి పిల్లకు అమ్మ, ఇల్లు ముందే నోట్లో ఉన్న మాటలు. కొత్తగా నేర్వాల్సింది అక్షరం ఒక్కటే. కోయ, కువి, సవర ఇళ్ల పిల్లలకు చాలాచోట్ల అక్షరమూ కొత్తదే, మాటా కొత్తదే. రెండు మూటలు ఒకేసారి నెత్తిన పెట్టి, గబగబా నడవలేదేమని అడుగుతున్నాం. పిల్ల గడగడా అప్పజెబుతుంది. అర్థం మాత్రం లోపలికి చేరదు. దాన్నే మనం చదవడం అనుకుంటున్నాం.

ఏజెన్సీ నుంచి పనుల కోసం దిగి, విశాఖ ఆటోనగర్ పక్కన కాపురం పెట్టిన ఇంటి పిల్లను తలచుకోండి. ఇంట్లో ఒక భాష, వీధిలో తెలుగు. టైరు, పానా, వెల్డింగు, లారీ రోజూ వినే మాటలు. అడవి పేర్లు అవ్వ దగ్గర విన్నవి. ఇన్ని మాటలున్న పిల్లను బడిలో ‘మాటలు రావు’ అనేస్తారు. రానివి ఆ పుస్తకంలోని మాటలు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్య కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా భాషల్లో, తెలుగు లిపిలో పుస్తకాలు తెచ్చింది. దారి సరైనదే. కానీ లిపి అరువు తెచ్చుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. సవరలో గొంతు బిగించి ఆపే ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. అచ్చులో కనబడని ఆ ధ్వనిని టీచరే నోటితో పలికి చూపించాలి.

ఆటోనగర్ లాంటి చోట ఒకే గదిలో నాలుగు భాషలుంటే టీచరు అన్నీ నేర్వగలరా? అక్కర్లేదు, అడిగితే చాలు. కోయలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే నీళ్లు. ‘ఏ’ నేర్పడానికి ఏనుగు బొమ్మే కావాలా? పిల్ల చెప్పిన ‘ఏర్’ ముందు రాసి, దాని పక్కన ‘ఏరు’ రాస్తే అక్షరం ఒక్కటే కొత్తదవుతుంది, తెలుగు మాట చుట్టమై వస్తుంది. పిల్లలు తెచ్చిన మాటలు రోజుకు నాలుగు గోడ మీద రాయండి. వాటితో కబుర్లు చెప్పించండి, కథ కట్టించండి. మాటలు పెరిగేది జాబితాలు బట్టీ పట్టి కాదు, మాట్లాడి.

చదువుకున్న మన యువతకు ఒక పని ఉంది. మీ ఊరి మాటలతో ఒక అక్షరమాల రాయండి. అందులో ‘ఋ’కు మాట దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. పిల్లకు ఋషి తర్వాతైనా తెలుస్తాడు.