ఫిరంగి గుండుకు ధర కట్టడం

పాత సైనిక మందుగుండుకు సేకర్తలు ధర కట్టేముందు తేల్చుకునేది ఒక్కటే: ఆ వస్తువు ఫలానాదే అన్న నమ్మకం ఎంత? కాలం, అరుదుతనం, పాడవకుండా ఉండటం ఆ తర్వాతి లెక్కలు. మైలవరం ప్రాంతంలో ఆ మొదటి మెట్టు దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పక్కనే కొండపల్లి కోట ఉంది. కృష్ణదేవరాయలు దాన్ని గజపతుల నుంచి గెలిచాడు, 1766లో జనరల్ కాలియాడ్ ఆంగ్లేయుల కోసం పట్టుకున్నాడు. అందుకని ఈ చుట్టుపట్ల పొలంలో గుండ్రటి ఇనుము తగిలితే అది కోట గుండే అంటారు. ఈ వారం జగ్గయ్యపేటలో ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో అలాంటి గుండుకే వేల రూపాయలు చెప్పారు. అది సిమెంటు మిల్లులో క్లింకర్ నలిపే ఉక్కు గుండు.

పొరపాటుకు కారణం ఉంది. ఆరు పౌన్ల ఫిరంగి గుండు అడ్డకొలత సుమారు 89 మిల్లీమీటర్లు, బరువు 2.7 కిలోలు. మిల్లుల్లో వాడే పెద్ద గుండు 90 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 3 కిలోలు. చేత్తో పట్టుకుంటే తేడా అందదు. పోత ఇనుము ఉక్కుకన్నా తేలిక కాబట్టి తూకం కొంత చెబుతుంది కానీ, తుప్పు తిన్న గుండు విషయంలో తూకమొక్కటే చాలదు. అచ్చు రెండు భాగాలూ కలిసినచోట పడిన సన్నని గీత, ఇనుము పోసినచోటి మచ్చ కనిపిస్తే అది పోతగుండు. మిల్లు గుండు అరిగి నున్నబడుతుంది. 24 పౌన్ల గుండుతో ఈ గొడవ లేదు. దాని అడ్డకొలత సుమారు 140 మిల్లీమీటర్లు, అంత పెద్ద గుండ్లు సిమెంటు మిల్లుల్లో సాధారణంగా ఉండవు.

తోమడం గురించి ఈ కాలమ్ పాత మాటే మళ్లీ చెబుతుంది: తోమకండి. చింతపండుతో మెరిపించిన తూటాలో, గ్రైండింగు చక్రం పెట్టిన గుండులో సేకర్తకు కావలసిన ఆధారం చెరిగిపోతుంది.

తూటాకు అడుగున కొట్టిన ముద్రే జాతకం. .303 తూటా మీద కె.ఎఫ్. అని ఉంటే అది పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీది. పక్కన సంవత్సరం, రకం తెలిపే రోమన్ అంకె ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు ముద్రలు కోకొల్లలు, కాబట్టి చౌక. అంతకు ముందుతరం స్నైడర్, మార్టినీ-హెన్రీ రైఫిళ్ల తూటాలకు గిరాకీ ఎక్కువ. 1899 హేగ్ ప్రకటన నిషేధించిన, ఒంట్లో దిగాక విచ్చుకునే డమ్‌డమ్ రకానికి ఇంకా ఎక్కువ. ఐదు తూటాల క్లిప్పు, అసలు అట్టపెట్టె ఉంటే ధర పెరుగుతుంది.

ఈ లెక్కన నందిగామ దారిలో దొరికే ఖాళీ .303 గొట్టం విలువ తుక్కు ఇత్తడి విలువే. అయితే 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో బెజవాడ వైపు నుంచి హైదరాబాదు సంస్థానం మీదికి కదిలిన భారత సేన ఆ ఉదయానికే కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. అంతకుముందు రజాకార్ల భయంతో నైజాం గ్రామాలవాళ్లు సరిహద్దు దాటి ఇటువైపు తలదాచుకున్నారు. ఆ సరిహద్దు పొలంలో ఒక గొట్టం ఏ గట్టు పక్కన, ఎంత లోతులో, వేటితో కలిసి పడి ఉందో రాసిపెట్టి ఉంటే, అక్కడ కాల్పులు జరిగాయా, ఎటువైపు నుంచి జరిగాయి అన్నది తెలుసుకునే వీలుంటుంది. చోటు తెలియని డమ్‌డమ్ తూటా అద్దాల బీరువాకే పనికొస్తుంది. సేకర్తల ధరల పట్టిక ఈ ప్రాంతానికి తలకిందులుగా చదవదగినది.

చట్టమూ చోటు పక్షమే. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, దొరికిన చోటుతో సహా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. పేలని తూటాలను లైసెన్సు లేకుండా ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇక గుండుకు చిన్న రంధ్రం ఉంటే అది లోపల డొల్లగా ఉండే పేలుడు గుండు కావచ్చు. అందులోని నల్ల తుపాకిమందు వందేళ్ల తర్వాత కూడా అంటుకోగలదు. అలాంటిది కనిపిస్తే కదపకండి, తోమకండి, ఇంటికి తేకండి. చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పండి.