నెబో: చివర జారిపోయిన సకారం

రష్యన్‌లో ఆకాశాన్ని ‘నెబో’ అంటారు. మామూలు లెక్కన బహువచనం ‘నెబా’ కావాలి. కాదు, ‘నెబెసా’ అవుతుంది. స్లొవీన్‌లోనూ నెబెసాయే, చెక్‌లోనూ నెబెసాయే. వ్యాకరణ పుస్తకాలు దీన్ని అపవాదాల జాబితాలో పడేస్తాయి. శబ్దచరిత్ర రాసేవాళ్లకు కావలసిన సరుకు మాత్రం ఆ జాబితాలోనే ఉంటుంది. నియమబద్ధమైన రూపాన్ని ఏ తరమైనా కొత్తగా కట్టుకోగలదు. ఇలాంటి వింత రూపాన్ని ఎవరూ పనిగట్టుకుని పుట్టించరు; అది పాతకాలం నుంచి దిగివచ్చిందే అయివుండాలి.

ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూల స్లావిక్‌లో రాసిన వాక్యం ఒక్కటీ దొరకదు. దానికి బాగా దగ్గరి సాక్షి ప్రాచీన చర్చి స్లావోనిక్. 863 ప్రాంతంలో బైజాంటియం నుంచి మొరావియాకు వెళ్లిన కిరిల్, మెథోడియస్ సోదరుల అనువాదాలతో అది గ్రంథభాష అయింది. మనకు మిగిలిన ప్రతులు 10, 11 శతాబ్దాలవి. వాటిని నేటి భాషల పక్కన పెట్టి చూస్తే మూలరూపాలు తేలతాయి: ప్రథమ *నెబో, షష్ఠి *నెబెసె, చతుర్థి *నెబెసి, బహువచనం *నెబెసా. ముందున్న నక్షత్రం గుర్తుకు అర్థం, ఈ రూపం ఎక్కడా రాసి లేదు, ఊహించి కట్టిందని. ఆ గుర్తును స్థిరపరచినవాడు ఆగస్ట్ ష్లైఖర్. ఆయన 1868లో ఇండో-యూరోపియన్ మూలభాషలో ఏకంగా ఒక గొర్రె కథే రాశాడు. తరువాతి పండితులు దాన్ని తిరగరాస్తూనే ఉన్నారు. కథల సంగతేమో గానీ, ఒక్కో శబ్దం దగ్గర ఈ పద్ధతిని నమ్మవచ్చు.

సంస్కృతం చదివినవారికి ఈపాటికి నభస్ శబ్దం గుర్తొచ్చి ఉంటుంది: నభః, నభసః, నభసే. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. మూలంలోని ఎ, ఒ సంస్కృతంలో అకారంలో కలిసిపోయాయి, స్లావిక్‌లో నిలిచాయి. భకారం ఒత్తు పోగొట్టుకుని బకారమైంది. మూల స్లావిక్ పదం చివర హల్లును ఉండనివ్వదు కాబట్టి ప్రథమలో సకారం రాలిపోయింది. మిగతా విభక్తుల్లో దాని వెనుక అచ్చు ఉంది, అందుకే బతికింది. మన నభోమండలంలోని ‘నభో’ మాత్రం సంధి వల్ల వచ్చింది. దాన్నీ ‘నెబో’నూ చెవికి ఒకేలా ఉన్నాయని జతకట్టడం పొరపాటు.

సకారం సకారంగానే మిగలడానికీ కారణముంది. స్లావిక్‌లో ఇ, ఉ, ర, క వర్ణాల తరువాతి సకారం గొంతులోంచి పలికే ‘హ’ వంటి ధ్వనిగా మారింది. చెవిని చెప్పే రష్యన్ ‘ఉహొ’ అలా వచ్చిందే. హరిషు, గురుషు అన్నచోట సకారం షకారం కావడం ఈ మార్పుకు దగ్గరి బంధువు. నెబెసెలో ముందున్నది ఎకారం కనుక మార్పు తగల్లేదు.

అర్థం కూడా కదిలింది. గ్రీకు ‘నెఫొస్’ మబ్బు, లాటిన్ ‘నెబులా’ పొగమంచు. స్లావిక్‌లో మబ్బు ఆకాశమైంది. లిథువేనియన్ ‘దెబెసిస్’ మబ్బుగానే ఉండిపోయింది. అయితే మొదట నకారం ఉండవలసిన చోట దకారం వచ్చింది. దీనికి అందరూ ఒప్పుకున్న సమాధానం లేదు.

ఈ కోవ శబ్దాలు తలొక దారి పట్టాయి. చక్రాన్ని చెప్పే *కొలో రష్యన్‌లో సకారాన్ని ఏకవచనంలోకే లాక్కుని ‘కొలెసొ’ అయింది. మన శ్రవస్సుకు చుట్టమైన ‘స్లొవొ’, అంటే మాట, బహువచనంలో దాన్ని వదిలేసి ‘స్లొవా’ అయింది. వాఙ్మయం అనే అర్థమున్న ‘స్లొవెస్నొస్త్’లో మాత్రం దాచుకుంది. స్లొవీన్ మాత్రం చెవి, ఒళ్లు, చక్రం అన్నిటికీ పాత పద్ధతినే పట్టుకుని ఇంకా ఉషెసా, తెలెసా, కొలెసా అంటోంది.