భీముడి బలం ఎవరిది?

బాలగేయాల మీద, పిల్లల పత్రికల మీద వ్యాసాలు రాసే మనం, పిల్లలు రోజూ చూసే బొమ్మల సినిమాల జోలికి పోము. అవి సాహిత్యం కావన్న చిన్నచూపు ఒక కారణం. ఓపికగా కూర్చుని ఒక్కటైనా పూర్తిగా చూడకపోవడం అంతకంటే పెద్ద కారణం.

‘ఛోటా భీమ్’ ఎక్కడినుంచో దిగుమతి అయింది కాదు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ తీసింది, రాజీవ్ చిలక సృష్టి. 2008లో పోగో ఛానెల్లో మొదలైంది. ‘కుంగ్‌ఫూ ధమాకా’ అన్న సినిమా 2019 మే నెలలో థియేటర్లకు వచ్చింది. ఢోలక్‌పూర్ పిల్లలు కుంగ్‌ఫూ పోటీకి చైనా వెళతారు. అక్కడి రాకుమారి కియాను జుహు అనే దుష్టుడు ఎత్తుకుపోతాడు. భీముడు అతనితో పోరాడతాడు. కథ ఇంతే.

అమీర్‌పేటలో మా అపార్టుమెంటు సంఘం వేసవి సెలవుల్లో దీన్ని పిల్లలకు చూపిద్దామనుకుంది. పిల్లలు మెట్లమీద తన్నుకుంటున్నారని ఇద్దరు తల్లులు అడ్డుచెప్పారు. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణని తీర్పు నా నెత్తిన పెట్టారు.

ఆ తల్లుల మాట కొట్టిపారేయదగింది కాదు. 1963లో ఆల్బర్ట్ బండూరా బృందం అమెరికాలో చిన్నపిల్లలకు ఒక చిత్రం చూపింది. అందులో పిల్లి వేషం వేసిన మనిషి గాలిబొమ్మను బాదుతుంది. అది చూసిన పిల్లలు చూడనివారికంటే ఎక్కువ దూకుడు చూపారు. అయితే వాళ్ళు బాదింది గాలిబొమ్మను, పక్కింటి కుర్రాణ్ణి కాదు. దీన్ని పట్టుకుని మా మెట్లమీది తగాదాకు తీర్పు చెప్పలేం. ఇక చట్టం చూద్దాం. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు పిల్లల కార్యక్రమాల్లో బాహాటమైన హింస ఉండరాదంటాయి. భీముడి దెబ్బలకు నెత్తురు చుక్క రాలదు కనుక నిబంధనకు ఏ లోటూ లేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. కాలియా ఎన్ని దెబ్బలు తిన్నా మరుసటి కథకు మళ్ళీ తయారు. నన్నయ భీముడు అలా కాదు. ఆదిపర్వంలో అతడు చెట్లెక్కిన కౌరవులను చెట్టు ఊపి రాలుస్తాడు, నీళ్ళలో ముంచుతాడు. అవన్నీ పిల్లచేష్టలే. కానీ దుర్యోధనుడి పగ వాటినుంచే మొలిచింది. విషం పెట్టించడం, గంగలో తోయించడం దాని తర్వాతి మెట్లు. ఇతిహాసం పిల్లవాడి దెబ్బకు కూడా లెక్క రాసుకుంది, బొమ్మల సినిమా ఆ లెక్కను చెరిపేసింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కుంగ్‌ఫూ అన్న చైనా మాటకు మూలార్థం తన్నడం కాదు, కాలం వెచ్చించి కష్టపడి సంపాదించిన నేర్పు. వంటకైనా చేతిరాతకైనా ఆ మాట వర్తిస్తుంది. 1978లో హాంకాంగ్‌లో తీసిన ‘షావోలిన్ 36వ గది’ పిల్లలకు తగింది కాదు, హింస ఎక్కువ. అయినా దానిలో నాయకుడు చేతులకు కత్తులు కట్టుకుని నీళ్ళు మోస్తాడు. సినిమాలో పెద్దభాగం ఆ సాధనే. ‘కుంగ్‌ఫూ పాండా’ (2008)లో పో కూడా మన భీముడిలాగే తిండిపోతు. గురువు ఆ తిండినే పాఠం చేస్తాడు. చివరి కుడుము కోసం పెనుగులాడి గెలిచాక, ఆకలి లేదంటాడు పో. ఆ దృశ్యానికి సమానమైంది మన భీముడి దగ్గర నాకు కనబడలేదు. మనవాడు లడ్డూ మింగుతాడు, బలం వస్తుంది, కథ ముగుస్తుంది. ఇంద్రవర్మకు సైన్యముంది, ప్రజలున్నారు. ఆపద వస్తే అందరూ ఒక చిన్న కుర్రాడి పిడికిలివైపే చూస్తారు.

ఆ లడ్డూ ఎవరిది? టున్‌టున్ మౌసీది. ఆమె లడ్డూలు చేసి అమ్ముకుని బతుకుతుంది. భీముడు ఎన్నోసార్లు వాటిని దొంగిలిస్తాడు, ఆమె వెంటపడి తరుముతుంది, పిల్లలు నవ్వుతారు. పొయ్యి దగ్గరి ఆడమనిషి శ్రమను కాజేసి దాన్ని వీరత్వంగా మార్చుకోవడం ఈ కథల్లో నవ్వులాట. పిల్లలకు తగనిది ఏదైనా ఉంటే నా దృష్టిలో ఇదే. పిడిగుద్దులు కావు. మా పిల్లలను “భీముడికి బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని అడిగితే అందరూ “లడ్డూలోంచి” అన్నారు. వాళ్ళమ్మ కర్రీ పాయింటులో పనిచేసే ఒక పిల్ల మాత్రం, “డబ్బులిచ్చాడా?” అంది. మన విమర్శకులెవరూ ఇంతకాలంగా అడగని ప్రశ్న అది.

కుంగ్‌ఫూ ఈ సినిమాలో అసలు లేదా అంటే, ఉంది, తెర వెనక ఉంది. పంజాగుట్ట నుంచి మైత్రీవనం దాకా ఉన్న కోచింగ్ బోర్డులలో జావా పక్కనే యానిమేషన్ కూడా కనబడుతుంది. జిల్లాలనుంచి వచ్చి మా వీధి హాస్టల్లో ఉన్న ఒక విద్యార్థి తన అభ్యాసాన్ని నాకు చూపించాడు. రెండు సెకన్ల తన్ను అది. సెకనుకు 24 చిత్రాలు. కాలు ఎప్పుడు లేవాలి, నడుము ఎటు తిరగాలి, బరువు ఏ పాదంమీద పడాలి అని రోజంతా దిద్దుతూనే ఉన్నాడు.

సినిమా చూపించమనే చెప్పాను, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు. చూశాక టున్‌టున్ మౌసీ గురించి పిల్లలచేత మాట్లాడించమన్నాను. కర్రసాము తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, నెలరోజులు నేర్పించమని కూడా అన్నాను. సంఘం సినిమాకు ఒప్పుకుంది. కర్రసాముకు ఒప్పుకోలేదు, పిల్లలకు దెబ్బలు తగులుతాయట.