వంగి లేచే దమ్ము

2025 జూన్ 20న విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన విద్యార్థులు 22,122 మంది 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. అంతకు రెండున్నర నెలల ముందు, ఏప్రిల్ 7న, అదే జిల్లాలోని అరకులో వేలమంది పిల్లలు ఇదే లెక్క పూర్తిచేశారు. రికార్డు గొప్పదే, కాదనను. కానీ దాని వెనక బడుల్లో నెలల తరబడి సాగిన సాధన అంతకంటే గొప్పది. అన్నిసార్లు నేలదాకా వంగి లేవడం ఒక్కరోజు పట్టుదలతో అయ్యే పని కాదు.

లెక్క చూడండి. ఒక నమస్కారంలో 12 స్థితులు. నిమిషానికొకటి చొప్పున చేస్తే ఒక్కో స్థితికి ఐదు సెకన్లు. ప్రతి నమస్కారంలోనూ పాదహస్తాసనం రెండుసార్లు వస్తుంది. అంటే 108 పూర్తయ్యేసరికి నడుము 216 సార్లు ముందుకు వంగుతుంది. 108 సార్లు ఒళ్లంతా నేలమీదికి దిగుతుంది, మళ్లీ చేతుల బలంతో లేస్తుంది. ఇంత పనిని శరీరం మోయగలిగేది ఆ ఐదు సెకన్ల వల్లే. ఛాతీ విచ్చుకునేటప్పుడు ఊపిరి లోపలికి, పొట్ట ముడుచుకునేటప్పుడు బయటికి. కదలిక ఊపిరి వెంట నడిచినంతసేపూ ఆయాసం దరిచేరదు. వేగం పెంచితే ఊపిరి వెనకబడుతుంది. ఇరవయ్యోదానికే భుజాలు వణుకుతాయి, నడుము కుంగుతుంది, భుజంగాసనంలో మెడ ఒక్కటే లేస్తుంది. దెబ్బలు తగిలేది అక్కడే.

ఊపిరికి తగ్గ లయలో కదలాలనే ఈ సూత్రం మన్యానికి కొత్తది కాదు. సూర్య నమస్కారాలు ఇప్పటి వ్యాయామ రూపంలో దేశమంతటా ప్రచారమైంది 1920ల తర్వాత, మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి పూనికతో. అరకు కొండల్లో మాత్రం నిలకడగా వంగి లేవడం ఇంకో పేరుతో ముందునుంచీ ఉంది. అదే థింసా నృత్యం.

పర్యాటకులు చూసే థింసా రంగుల చీరలు, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకున్న వలయం. హోటల్ ముంగిట కొద్దిసేపట్లో అయిపోతుంది. ఊళ్లో అలా కాదు. చైత్రంలో ఇటుకల పండక్కి మగవాళ్లు వేటకు వెళతారు, ఆడవాళ్లు ఆడతారు. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి వెళ్లి ఆడి, అందరూ కలిసి భోంచేయడం కూడా ఆచారమే. మోరి ఊదుతుంటే తుడుము, డప్పు, కిరిడి తోడవుతాయి. కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, పోర్జా తెగల ఆడవాళ్లంతా ఆడే ఆట ఇది.

థింసాలో రకాలున్నాయి. ఒక్కో రకం ఒక్కో అవయవానికి పనిపెడుతుంది. పోతర్ తోల ఆకులు కోసే ఆట: రెండు వరసల్లో నిలబడి, వెనకవాళ్లు ముందువాళ్ల భుజాలమీద చేతులేసి, తలలు కుడికీ ఎడమకీ తిప్పుతూ ముందుకూ వెనక్కూ నడుస్తారు. పులి నుంచి తప్పించుకోవడాన్ని చూపే భాగ్ థింసాలో కొందరు మునివేళ్లమీద వలయంగా నిలబడి తలలు వంచుతూ ఎత్తుతూ ఉంటే, మిగిలినవాళ్లు చుట్టూ చకచకా తిరుగుతారు. పిక్కల బలం లేనివాళ్లు అందులో ఎక్కువసేపు నిలవలేరు. కుండ థింసాలో ఊగుతూ భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. తూలకుండా నిలబడాలంటే నడుము గట్టిగా ఉండాలి.

నన్ను బాగా కట్టిపడేసేది గొడ్డి బేట. వంగి, ఊపుగా లేస్తూ 25 అడుగులు ముందుకు వెళ్లి, అలాగే వెనక్కి వస్తారు. ఇలా నాలుగైదు సార్లు. అడుగుకొక వంపు అనుకుంటే 200 నుంచి 250 వంపులు! మైదానంలో పిల్లలు చేసిన 216కి ఇది దాదాపు సమానం. గడియారం లేదు, లెక్కపెట్టే మాస్టారు లేడు. వాద్యమే లయ ఇస్తుంది. పక్కవాళ్ల చేయి నడుముమీద ఉంటుంది కాబట్టి ఎవరూ ముందుకు దూకలేరు, ఎవరూ ఆగిపోలేరు. కొత్తగా చేరిన పిల్ల కూడా పెద్దవాళ్ల అడుగులోనే అడుగు వేయాలి. ఒంటరిగా జిమ్‌లో కష్టపడేవాళ్లకు దొరకనిది ఇదే.

ఈ నిలకడ ఎందుకు అవసరమంటే, శరీరంలోని భాగాలన్నీ ఒకే తీరున ఎదగవు. క్రమంగా వ్యాయామం మొదలుపెడితే తొలి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు, శక్తినిచ్చే మైటోకాండ్రియా పెరగడానికి వారాలు, నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు అన్నిటికంటే ఆలస్యం. కాబట్టి 'ఇంకా చేయగలను' అని మనసు చెప్పే రోజుకి మోకాలు ఇంకా సిద్ధమై ఉండదు. ఒళ్లు తేలికైనట్టు అనిపించిన మొదటి నెలలోనే చాలామంది దెబ్బతినేది ఇందుకే.

ఏజెన్సీలో ఇంకో సంగతి కూడా మరవకూడదు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ లక్షణం, రక్తహీనత ఎక్కువ. అలాంటి పిల్లల్ని ఒక్కసారిగా పరుగెత్తించి అలసట అంచుదాకా తీసుకెళ్తే ప్రాణానికే ముప్పు. రక్తపరీక్ష, తాగడానికి సరిపడా నీళ్లు, మధ్యలో విశ్రాంతి, కొద్దికొద్దిగా పెంచే లెక్క ఉంటే వాళ్లకూ వ్యాయామం మేలే చేస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టేవారు ఆరు నమస్కారాలతో మొదలుపెట్టండి, నిమిషానికొకటి. ఆ ఆరూ ఊపిరి చెదరకుండా వచ్చాక, వారానికి రెండు చొప్పున పెంచండి. చేస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. మాట కూడా రాకపోతే తగ్గించండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు చేస్తే సరిపోతుంది. అధిక రక్తపోటు, గుండెజబ్బు, కంటిలో ఒత్తిడి ఉన్నవాళ్లు తల కిందికి వంచే ఆసనాలకు ముందు డాక్టరునడగాలి.

బడులు నడిపేవారికి ఒక విన్నపం. రికార్డు వచ్చింది కాబట్టి సూర్య నమస్కారాలు ఎలాగూ కొనసాగుతాయి, కొనసాగాలి. వాటితోపాటు ఆశ్రమ పాఠశాలల వ్యాయామ పీరియడ్‌లో వారానికి రెండు రోజులు థింసాకి ఇవ్వండి. ఊళ్లో మోరి ఊదే పెద్దాయన్ని, గొడ్డి బేట వచ్చిన అమ్మని గురువులుగా పిలవండి, గౌరవ వేతనం ఇవ్వండి.