పుస్తెమట్టెలు, ఘుగ్రీ టోప్లీలు

జనగామ పల్లెల్లో పెళ్లి మాట ఖాయం కాగానే మొదట తేల్చుకునేది పుస్తెమట్టెల సంగతి. మహబూబాబాద్ లంబాడీ తండాల్లో మొన్నమొన్నటి దాకా ఆ స్థానం ఘుగ్రీలది, టోప్లీలది, బలియాలది. రెండూ ఆడపిల్లకు పెళ్లయిందని లోకానికి చెప్పే గుర్తులే. ఒకదాన్ని సంప్రదాయ నగ అంటూ దుకాణం అద్దాల్లో పెట్టుకున్నాం. రెండోదాన్ని సభల్లో స్వాగత నృత్యం చేసేవాళ్ల వేషంగా మిగిల్చాం. ఈ తూకంలో మోసం ఉందని నా అభిప్రాయం.

ముందు పుస్తె. పుస్తెలు రెండు: ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. ఒకే పసుపుతాడు మీద రెండిళ్లూ పక్కపక్కన చేరుతాయి. రెండు కుటుంబాల మధ్య కుదిరిన ఒప్పందాన్ని పెళ్లికూతురు మెడలో మోస్తుంది. అయినా అది ఎక్కువ కాలం కొంగు చాటునే ఉంటుంది. పండుగనాడు బయటికి తీసి పసుపు కుంకుమ పెడతారు, కళ్లకద్దుకుంటారు. ఊరంతటికీ కనబడాల్సిన పని మట్టెలది.

పుస్తెకు ఇంకో బతుకు ఉంది. జనగామ వానకు మొహం వాచిన నేల. బోరు ఎండినా, పత్తి దెబ్బతిన్నా, పిల్లల ఫీజుకు గడువు దగ్గరపడినా ఇంట్లో ముందు కదిలేది పుస్తెలతాడే. పుస్తెలను విప్పి మళ్లీ పసుపుతాడుకు గుచ్చుకుని, బంగారు గొలుసును కుదువ పెడతారు. గుర్తు మెడలో ఉంటుంది, విలువ తాకట్టు కొట్టుకు పోతుంది. పవిత్రతనూ ఆస్తినీ ఇలా విడదీసుకోవడం మన ఆడవాళ్లకు కష్టం నేర్పిన తెలివి. ఆ గొలుసు ఎన్ని తులాలన్నది మాత్రం పెళ్లికూతురిని అడిగి తేల్చరు. పెద్దమనుషులు మాట్లాడతారు, అవుసులాయన తూచి ఇస్తాడు, ఆమె మెడ వంచుతుంది.

తండా నగ దగ్గరికి వస్తే మొదట కనబడేది దాని బాహాటం. టోప్లీ కణతల దగ్గర జుట్టుకు అల్లి కట్టే వెండి బుడిపె. దాని కింద కుచ్చులతో ఘుగ్రీలు చెంపల మీదికి వేలాడతాయి, నడిస్తే మోగుతాయి. మోచేతి పైన వరసగా తెల్లని బలియాలు. అవి ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసినవి, తర్వాత కొమ్ముతో, ఎముకతో, ఇప్పుడు ప్లాస్టిక్‌తో. మెడలో హాంస్లీ, కాళ్లకు కడియాలు. కొంగు చాటున దాచుకునేది ఒక్కటీ లేదు. ముఖం చూసిన క్షణంలోనే ఆమె ఎవరో, పెళ్లయిందో లేదో తెలిసిపోతుంది.

ఇందులో వాళ్ల చరిత్ర ఉంది. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ దేశమంతా తిరిగిన వర్తకులు. ఇల్లే కదిలిపోతుంటే పెట్టె ఎక్కడ, బీరువా ఎక్కడ? ఒంటి మీద ఉన్నదే ఆస్తి. అందుకే వెండి, అందుకే అంత బరువు, అందుకే రూపాయి నాణేలు కూడా నగలయ్యాయి. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా రైలు నడిచింది. ఎద్దుల బిడారు చేసే పనిని గూడ్సు బండి లాక్కుంది. అంతకు ముందే 1871 నేరస్థ జాతుల చట్టం అనేక సంచార జాతుల మీద దొంగముద్ర వేసింది. ఒకనాటి సార్థవాహుల ఆడవాళ్లు ఆ వెండితోనే కూలి పనుల్లోకి దిగారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వీటి తయారీ. వెండి పని కంసాలిది కావచ్చు. కానీ గవ్వలు, అద్దాలు, ఉన్ని కుచ్చులు, పూసలు కలిపి కుట్టి వేషాన్ని పూర్తి చేసేది తండా ఆడవాళ్లే. కూతురి పెళ్లి బట్టల మీద యాడి (తల్లి) చేతి కుట్టు ఉంటుంది. పుస్తె తయారీలో తల్లి చేతికి పనే లేదు. నగ అనేది కొనేది మాత్రమే కాదని, చేసుకునేదని తండా చూపించింది. ఈ ఒక్క విషయంలో నేను నిస్సంకోచంగా ఘుగ్రీ పక్షమే.

కానీ ముచ్చటపడి కళ్లు మూసుకోవద్దు. ఆ వెండి బరువు నిజంగా బరువే. బస్సులో, బడిలో, కూలిదగ్గర వింతగా చూసే చూపులు అంతకన్నా బరువు. చదువుకున్న ఆడపిల్లలు వాటిని తీసి పక్కనపెట్టారంటే తప్పు వాళ్లది కాదు. ఇంకో మాట. భర్త పోతే పుస్తె తెంపుతారు, ఘుగ్రీలు విప్పుతారు. ఆ క్రూరత్వంలో ఊరికీ తండాకూ తేడా లేదు.

ఇప్పుడు పుస్తె తండాకూ వచ్చింది. పెళ్లి ఫొటోలో తండా పిల్లా ఊరి పిల్లా ఒకే హారం, ఒకే వడ్డాణం, ఒకే పాపిట బిళ్లతో కనబడతారు. బొగ్గు గనుల జీతాలున్న భూపాలపల్లిలోనూ ఇదే వరస. కాస్త దూరంలో ఘనపురం కోటగుళ్లలో కాకతీయుల శిల్పుల చేతి పని ఉంది. మన పెళ్లికూతురు అద్దెకు తెచ్చుకునే ‘టెంపుల్’ నగల సెట్టు మూలం మాత్రం ఎక్కడో కన్యాకుమారి జిల్లా వడసేరిలో ఉంది.

ప్రభుత్వాలు కూడా పెళ్లిని డబ్బుతో, బంగారంతోనే కొలుస్తున్నాయి. 2014లో 51,000 రూపాయలతో మొదలైన, ఆడపిల్లల పెళ్లికి ఇచ్చే కల్యాణలక్ష్మి సాయం 1,00,116కు చేరింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ దానికి తోడు తులం బంగారం ఇస్తామంది. పది గ్రాముల బంగారం లక్ష దాటిన రోజుల్లో పేదింటికి ఆ ఆశ సహజమే. కానీ ఘుగ్రీ చేయగల చేతులకు పని కల్పిస్తామన్న మాట నేను వినలేదు. పెంబర్తి ఇత్తడి పనికి, కరీంనగర్ వెండి తీగ పనికి భౌగోళిక గుర్తింపు సాధించుకున్న నేల ఇది. ఆ పట్టుదల తండా నగ మీదా చూపాలి.

తండాల్లోని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం. నాయనమ్మ టోప్లీని తూకానికి ఇచ్చి కొత్త గొలుసు తెచ్చుకునే ముందు దానికి ఫొటో తీయండి. ఒక్కో ముక్కకు మీ గోర్‌బోలి భాషలో ఉన్న పేరు ఆమెనే అడిగి రాసుకోండి. వీలైతే ఒక్క జత ఇంట్లోనే ఉంచండి.