జపానును చూచి వచ్చిన గ్రంథము

జపాను చక్రవర్తి ముత్సుహితో 1867లో, పదునాలుగేండ్ల ప్రాయమున, సింహాసనమెక్కి 1912లో కాలధర్మము నొందెను. మెయిజి యుగమని పేరువడసిన యీ కాలపు విద్యాభివృద్ధిని వర్ణించు గ్రంథములలో, హైదరాబాదు సంస్థానపు విద్యాశాఖాధిపతి సయ్యదు రాస్ మసూదు గారు 1923లో ఆంగ్లమున ప్రకటించినది తెలుగువారు విడువక చదువదగినది. ఉన్నతవిద్యను దేశభాషలో గఱపవచ్చునని నమ్మి ఉస్మానియా విశ్వవిద్యాలయమును 1918లో నెలకొల్పిన సంస్థానము, 1922లో ఆయనను జపానుకు బంపెను.

శాస్త్రములను స్వభాషలో నేర్చియే జపానువారు పైకి వచ్చిరనుట గ్రంథకర్త సిద్ధాంతము. ఇది సత్యమే కాని యొక్కనాట జరిగినది కాదు. 1877లో నేర్పడిన టోకియో విశ్వవిద్యాలయమున మొదట విదేశాచార్యులే ఆంగ్లమునను, వైద్యమునందు జర్మనునను పాఠములు చెప్పిరి. పరదేశములలో చదివి వచ్చిన స్వదేశీయులు వారి పీఠముల నధిష్ఠించిన పిదపనే జపాను భాష తరగతిలో నిలిచినది.

అంతకంటె ముఖ్యమైన పని క్రింద జరిగినది. చదువులేని యిల్లు ఊరిలో నుండరాదని, చదువులేని మనుష్యుడు ఇంటిలో నుండరాదని 1872 నాటి విద్యాశాసనము చాటెను. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టినంతనే మన కోనసీమ పొలములు పండలేదు గదా! గన్నవరమువద్ద వైనతేయను దాటించి, పిల్లకాలువలు త్రవ్వి, కడపటి చేనికి నీరందింపవలసి వచ్చినది. జపానులోను అట్లే. బడిరుసుముల భారము మోయలేక 1873లో కొన్నిచోట్ల రైతులు పాఠశాలలనే తగులబెట్టిరి. 1890లో బాలికలలో మూడవవంతు పేరైనను బడిపట్టికల కెక్కలేదు. 1900లో ప్రాథమికవిద్యకు రుసుము తీసివేసిరి; 1910 నాటికి నూటికి 95 మందికి పైగా బాలికలు పట్టికలలో నుండిరి. ఆడుబిడ్డ చదువునకు పైకము లేదనెడి గృహస్థులు ఈ లెక్కను రెండుమాఱులు చదువుదురు గాక.

గ్రంథమందలి రాజభక్తి ప్రశంస మాత్రము నాకు రుచింపలేదు. ఆపత్కాలమున సింహాసనమునకై ఆత్మార్పణ చేయుమని బాలురకు బోధించిన 1890 నాటి చక్రవర్తి విద్యాదేశము ఏ యుద్ధములకు దారితీసినదో 1945 తేటపఱచినది. జపాను శాసనసభ 1948లో దానిని రద్దుచేసెను. 1937లో మరణించిన మసూదుగారు దీని నెఱుగరు.

ఇక స్వభాష యనగా నెవరి భాష? జపానులో పాలకునిది, పామరునిది ఒకే భాష. నైజాము రాజ్యమున సుమారు సగముమంది తెలుగు మాటలాడువారు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదింట నొకవంతు. జపాను నిదర్శనమును చివరివఱకు నడిపినచో వరంగల్లు, నల్లగొండ బాలురకు కళాశాలలో తెలుగే రావలెను, వచ్చినది ఉర్దూ. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి కళాశాలలకు శాస్త్రగ్రంథములను సమకూర్ప మొదలిడు వఱకు, ఆ వాదము తెలుగు విద్యార్థికి సరిగా అక్కఱకు రానేలేదు.