కల్లోలం ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం వందకి ఒక్కరం కూడా లేం. అయినా ‘శాంతిభద్రతలు’ అన్న మాట వినబడితే మాకూ, కొండమీది సవర, జాతాపు జనానికీ ఒకేలా గుండె జారుతుంది. ఎవరి శాంతి, ఎవరికి భద్రత అన్నది మాత్రం ఏ ప్రభుత్వమూ విప్పి చెప్పలేదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు నడిచిపోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు తుపాకులు పేల్చారు. కోరన్న, మంగన్న నేలకొరిగారు. నేరమంటే అదీ. ఆ కేసులో ముద్దాయిలు 1968లో నిర్దోషులై బయటికొచ్చారు. న్యాయం అడిగినవాళ్లకి మాత్రం 1969లో ‘కల్లోలిత ప్రాంతం’ అన్న ముద్ర పడింది. 1948 నాటి చట్టాన్ని దుమ్ముదులిపి తీశారు. హెచ్చరించి చంపేదాకా కాల్చే అధికారాన్ని సబ్‌ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టిన చట్టమది. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ‘ఎన్‌కౌంటర్‌’ అయ్యారు.

విచిత్రమేమంటే, అదే 1970లో, ఇంకా ముందే ఫిబ్రవరిలో, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం అమల్లోకొచ్చింది. అంటే రోగం భూమిలో ఉందని సర్కారుకి తెలుసు. తెలిసే తూటా వాడింది. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ వైద్యం మారలేదు. 2010 జులై 14న సోంపేట బీల కోసం నిలబడ్డ జనం మీద, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిపారు. వాళ్లు చేసిన నేరమల్లా తమ తంపర భూముల్ని తమకి ఉంచమనడమే.

ఇక మా సంగతి. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకెళ్లినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరి ఐదుగురు. అనుమానితులుగా పట్టుకున్నదీ మా పిల్లల్నే! కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. సర్కారు పరిహారమిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. 2018లో ఆ పేలుడు కేసులో విచారణకొచ్చిన వాళ్లూ నిర్దోషులయ్యారు. మరి బాంబు పెట్టిందెవరు? దర్యాప్తు చేతగాని చోట అనుమానమే విధానమై కూర్చుంటుంది. దర్యాప్తునీ బందోబస్తునీ విడదీయమని 2006లో ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిగానీ, ఏ సర్కారుకీ అది తియ్యగా వినబడలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాదులో పిల్లల్ని పట్టుకుపోతుంటే, ‘మేం ఇక్కడి సాయిబులం, మాకా గొడవల్లేవు’ అని తప్పుకున్నాం. కాకరాపల్లి కాలుతున్నప్పుడు అది బెస్తల గొడవనుకున్నాం. వాళ్ల ఊరేగింపులో మా టోపీ ఒక్కటీ కనపడలేదు. రేపు మా వీధిలోకి వ్యాను వస్తే వాళ్లని పిలవడానికి మాకే మొహం ఉంది?